జరీ చుట్టిన వేలు

ధర్మవరం కూరగాయల మార్కెట్టులో టమోటాలు కొనడానికి స్టూలు అడిగిన మనిషి ఇప్పటిదాకా ఒక్కడే ఉన్నాడు. ఆయన వెంకటలక్ష్మమ్మ మొగుడు వెంకటరాముడు. స్టూలు అడిగింది కూర్చోడానికి కాదు, చేతిలోని ట్యాబును, దానికి అతుక్కుని ఉన్న కీబోర్డు కవరును పరిచి పెట్టుకోడానికి. కూరగాయలమ్మే ఆమె పాపం మంచిది. తాను కూర్చున్న స్టూలే లేచి ఇచ్చింది. ఆయన దానిమీద ట్యాబు నిలబెట్టి, ముందర కీబోర్డు పరిచి, నడుం వంచి టకటకా కొట్టాడు. ట్యాబులోంచి ఒక పడుచుపిల్ల గొంతు వార్తలు చదివినట్టు, "కిలో ఎంత. మెత్తవి వద్దు, దోరవి ఎయ్యి" అంది.

చుట్టుపక్కల బేరాలన్నీ ఆగిపోయాయి. వెంకటలక్ష్మమ్మకు తల కొట్టేసినట్టయింది. అర్ధకిలో టమోటాలకు ఇంత తతంగమా అని ఒళ్లు మండింది. ఆ మంటలోనే, ఎవరికీ కనపడకుండా, ఆ యంత్రానికి మనసులో ఒక దండం కూడా పెట్టుకుంది.

ఎందుకు పెట్టుకోదు? ఏడాది కిందట ఆయన గొంతులో గడ్డ తేలింది. బెంగుళూరులో పెద్దాపరేషను చేసి, ప్రాణం నిలబెట్టి, గొంతు తీసేశారు. ఇప్పుడు ఆయన మెడ ముందర రూపాయి బిళ్లంత రంధ్రం ఉంటుంది, దాంట్లోంచే ఊపిరి. దానికి అడ్డంగా పల్చటి నూలుగుడ్డ కట్టి పెట్టేది ఆమే. పట్టు నూగు లోపలికి పోతే ప్రమాదం, ఇక మగ్గం గుంటలో దిగవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. పదిహేనో ఏట మగ్గంలో దిగిన మనిషి, ఒక్క ఆపరేషనుతో గొంతూ మగ్గమూ రెండూ పోగొట్టుకుని ఇంటికొచ్చాడు.

ఆనాటి నుంచి ఆయన పెదాలు కదిలిస్తే వెంకటలక్ష్మమ్మ పైకి చెప్పేది. ముప్పై ఆరేళ్ల కాపురంలో ఆ పెదాల కదలిక ఆమెకు తెలిసినంతగా కన్నకూతురికి కూడా తెలియదు. కాకపోతే ఆమెకొక గుణం ఉంది, ఉన్నమాట ఒప్పుకోవాలి. ఆయన ఒక్క "వద్దు" అంటే ఈమె నాలుగు వాక్యాలు చెబుతుంది. పక్కింటి నల్లప్ప వచ్చి కాఫీ తాగుదువా అన్నప్పుడు ఆయన వద్దన్నాడు. ఈమె, "వద్దంటాండాడు. మీ ఇంట్లో కాఫీ నీళ్లగా ఉంటాదంట" అని చెప్పింది. ఆయన రెండు చేతులూ ఊపి, తాను అంత మాట అనలేదని నల్లప్పకు చూపించడానికి తల ప్రాణం తోకకొచ్చింది. ఆ పూట అన్నం తినకుండా, ఉత్త మగ్గం వైపు చూస్తూ కూర్చున్నాడు. తన మాట తాను చెప్పుకోలేని మనిషి రోజురోజుకీ కుంచించుకుపోతుంటే ఆమెకు కళ్లారా కనపడుతూనే ఉంది. ఏం చేయాలో తోచలేదు.

ట్యాబు తెచ్చింది కూతురు ప్రమోద. పెనుకొండ బస్టాండు దగ్గర ఆమెకు జిరాక్సు అంగడి ఉంది, ఆన్‌లైను అప్లికేషన్లు కూడా పెడుతుంది. రాసింది పైకి చదివే ఏర్పాటు అందులో చేసి తెచ్చింది. తెలుగులో రాసి, నోరు తెరిచిన బొమ్మను తాకితే చాలు, అది మాట్లాడుతుంది.

అంతా బాగుంది గానీ ఆ గాజుపలకకు వెంకటరాముడి వేలు ఆనలేదు. నలభై ఏళ్లుగా పట్టుపోగులు ఒరుసుకుని ఒరుసుకుని ఆయన వేలికొసలు కొమ్ములాగా గట్టిపడ్డాయి. ఆధారు మిషనే ఆ వేళ్లను ఏనాడూ సరిగా గుర్తుపట్టలేదు. ఇక ఇదెంత? నొక్కాడు, రుద్దాడు, గుద్దాడు. పది తాకులకు ఒక అక్షరం పడితే గొప్ప. మూడో రోజు దాన్ని బియ్యం డబ్బా మీద బోర్లించి పెట్టేశాడు.

అప్పుడు ప్రమోద హిందూపురంలో వెతికి ఈ కీబోర్డు కవరు తెచ్చింది. మూస్తే పుస్తకం అట్ట, తెరిస్తే మీటలు. మీటల మీద తెలుగు అక్షరాల కాగితాలు తానే అంటించింది. ఇది తాకేది కాదు, నొక్కేది. నొక్కడమంటే ఆయన వేళ్లకు కొత్తా? నాలుగో తరగతితో బడి మానేసినవాడు నెల తిరిగేసరికి మీటలు చూడకుండా కొట్టడం నేర్చుకున్నాడు. మొదటి రోజు కొట్టిన మొదటి మాట, "చారులో ఉప్పు ఎక్కువైంది." విని వెంకటలక్ష్మమ్మ గరిటె పట్టుకునే ఏడ్చింది. ఉప్పు ఎక్కువైనందుకు సంతోషంగా ఏడ్చిన ఆడది ఆ వీధిలో ఆమె ఒక్కతే అయి ఉంటుంది.

ఇక ఆ కవరుతో తంటాలు లేవా అంటే, అబ్బో. ట్యాబు బరువుకు ఇంకో ట్యాబంత బరువు. పరవడానికి చదునైన చోటు కావాలి. ఒళ్లో పెట్టుకుంటే మోకాళ్ల మధ్య కూలబడుతుంది. నిలబడి మాట్లాడటం కుదరదు. బస్సులో కండక్టరు ఏ ఊరికని అడిగితే, ఈయన అది తెరిచి పరిచేలోపు ఊరు దాటిపోతుంది. అంటించిన అక్షరాలు చెమటకు లేచి వస్తాయి. మీటల సందుల్లో నూగు చేరుతుంది. మడిచి పెట్టినప్పుడు మీట నొక్కుకుని, పూజ మధ్యలో ఉన్నట్టుండి, "దోరవి ఎయ్యి" అని అరుస్తుంది.

అయినా సరే. మగ్గం ఆగిన ఇంట్లో మళ్లీ ఒక టకటక మొదలైంది. వంటింట్లో ఉండి ఆ చప్పుడు వింటే చాలు, మనిషి ఏదో చెప్పబోతున్నాడని తెలుస్తుంది. తెచ్చిపెట్టిన కూతురు చల్లగా ఉండాలని ఆమె ఆ చప్పుడు విన్న ప్రతిసారీ అనుకునేది.

నల్లప్ప మగ్గాలకు పోగును చిన్న గొట్టాలకెక్కించి కండెలు చుట్టే పని ఆమె ఇంకా మానలేదు. అలా చుట్టేటప్పుడు తెగి మిగిలిన జరీ ముక్కల్ని చూపుడువేలికి చుట్టుకోవడం ఆమెకు చిన్నప్పటి అలవాటు. సాయంత్రానికి ఉంగరంలా అయినదాన్ని లాగి డబ్బాలో వేసుకుంటుంది. అసలు జరీ అది, పట్టుపోగు మీద వెండి తీగ చుట్టి బంగారు పూత పూసింది. ఒకరోజు ఆయన స్నానంలో ఉండగా, కవరు ఊడదీసి పెట్టిన ట్యాబులోంచి ఏదో ప్రకటన పాట చెవులు చిల్లులు పడేలా మోగింది. ఎడమచేతి వేలితో నాలుగుసార్లు పొడిచింది. ఆగలేదు. ఆమె వేళ్లూ ఆయన వేళ్ల బాపతే. విసుగొచ్చి జరీ చుట్టిన వేలితో ఒక్కటి పొడిస్తే టక్కున ఆగింది. ఆయన బయటికి రాగానే, "నీ ట్యాబుకు గూడ జరీ ఉంటేనే మర్యాద" అని చెప్పింది. ఆయన భుజాలు కదిలించి నవ్వాడు. ఆ సంగతి ఇద్దరూ అంతటితో మర్చిపోయారు.

ఇలా ఉండగా ప్రమోద ఒక కబురు తెచ్చింది. హిందూపురంలో ఒక ట్రస్టు వాళ్లు నడిపే చేనేత శిక్షణ కేంద్రానికి అనుభవం ఉన్న నేతగాడు కావాలట. నేయక్కర్లేదు, దుమ్ములో ఉండక్కర్లేదు. మగ్గం పక్కన నిలబడి తప్పొప్పులు చెప్పాలి. ఆయన సంగతంతా రాసి పంపితే, వచ్చి ఒక పాఠం చెప్పి చూపించండి, అప్పుడు చూద్దాం అని జవాబొచ్చింది.

ఆ రోజు నుంచి ఆయన నడకే మారింది. గడ్డం గీసుకున్నాడు. పాఠం ఎలా చెప్పాలో రోజంతా కొట్టుకుని కొట్టుకుని వినేవాడు. వెంకటలక్ష్మమ్మకు భయం పట్టుకుంది. ఇది దక్కితే మనిషి మనిషవుతాడు. దక్కకపోతే మళ్లీ ఆ ఉత్త మగ్గం ముందర కూర్చుంటాడు, ఈసారి లేవడు. ఆ మాట ఎవరితోనూ అనకుండా, తెల్లారి దీపం పెట్టేటప్పుడు దేవుడితో మాత్రం అనేది.

పాఠానికి ముందురోజు అమావాస్య. అమావాస్య నాడు ఊళ్లో మగ్గాలు ఆడవు. గుంటలు ఊడ్చి, పైన ఉన్న, డిజైను ఎత్తే జకార్డు పెట్టెకు నూనె వేసి, మగ్గానికి దండం పెట్టుకునే రోజు. వెంకటరాముడి మగ్గం ఈ ఏడాదిగా ఆడనే లేదు, దానికి నూనె వేసే పనీ లేదు. చేయి ఊరుకుంటుందా? మీటలు ఈమధ్య కొంచెం బిగుసుకుపోతున్నాయి, రేపు పెద్ద పని ఉంది. సీసా తీశాడు. కోడి ఈకతో ఒక్కో మీట సందులో ఒక్కో చుక్క, మగ్గానికి వేసినంత శ్రద్ధగా వేసి, గుడ్డతో తుడిచి, కుంకుమబొట్టు పెట్టాడు. వెంకటలక్ష్మమ్మ చూసింది. చూసి, ఎంత బుద్ధిమంతుడు నా మొగుడు అనుకుంది. మరి ఆమె కూడా నేతింటి పిల్లే కదా.

పొద్దున బెంగుళూరు ప్యాసింజరులో కిటికీ పక్కన సీటు దొరికింది. చేతిసంచిలో చీర అంచు ముక్కలు, చూపించడానికి ఒక జరీ కండె. బండి కదలగానే ఆయన ఎదుటి సీటు మీద ట్యాబు పరిచి పాఠం మొదలుపెట్టాడు. పిల్ల గొంతు, "అంచుచుచుచుచు" అంది.

మళ్లీ కొట్టాడు. ఒక మీట లోపలికి పోయి పైకి రాలేదు. ఇంకోటి ముట్టుకుంటే మూడు అక్షరాలు పడ్డాయి. గోటితో ఎత్తాడు, ఊదబోయాడు. ఊదడానికి నోట్లో గాలేది, ఆయనకు ఊపిరి ఉన్నది మెడలో. అలవాటు కొద్దీ పెదాలు సున్నా చుట్టి, గాలి రాక ఆగిపోయాడు. అది చూసి ఆమె మొహం కిటికీ వైపు తిప్పుకుంది.

పెనుకొండలో ప్రమోద ఎక్కింది. కూర్చుంటూనే ముక్కు ఎగబీల్చింది.

"ఏం నాయనా, నూనె వాసన వస్తాండాది?"

ఆయన తల దించుకున్నాడు. వెంకటలక్ష్మమ్మే చెప్పింది. "నిన్న అమావాస్య కదమ్మా. నూనె ఏసినాడు."

"దీనికా? ఇది ఏమన్నా మగ్గమా అమ్మా? నువ్వన్నా చెప్పగూడదా?"

"నాకేం తెల్సు. ఆడేదానికి నూనె ఎయ్యాలనే నాకు తెల్సింది."

ప్రమోదకు కోపమూ నవ్వూ కలిసి వచ్చాయి. గుడ్డతో ఒత్తింది, బోర్లించి దులిపింది. హిందూపురం స్టేషను వచ్చేసరికి ఒక్క మీట కూడా పలకలేదు. ఊడదీసి సంచిలో పడేసి, "ఇంగ తెర మీదే కొట్టు నాయనా" అంది. అక్షరాలు తెర మీదికి వచ్చాయి. ఆయన వేలు మాత్రం వాటికి కనపడలేదు. వేలు నీళ్లతో తడిపి చూస్తే అడగని అక్షరాలు పడ్డాయి. ఆటోలో ఆయన రెండు అరచేతులూ తిప్పి చూసుకుంటూ కూర్చున్నాడు. ఆ చేతులు నేసిన చీరల మీద ఎన్ని పెళ్లిళ్లు జరిగాయో లెక్కలేదు, ఒక గాజుపలకకు అవి పనికిరాలేదు. పెదాలు మాత్రం మెదిపాడు. "ఎనక్కి పోదాం" అన్నాడు. అది ఆమె ఎవరికీ పైకి చెప్పలేదు. ఆయన మాటను ఆమె దాచేసింది అదొక్కటే.

శిక్షణ కేంద్రంలో శోభారాణి అనే మేడమ్, ఆఫీసు చూసుకునే గంగాధర ఉన్నారు. ఒక మగ్గం చుట్టూ పదిహేనుమంది ఆడపిల్లలు నిలబడి ఉన్నారు. కర్ణాటక సరిహద్దులోని అగళి, రొళ్ల వైపు వాళ్లు, సగం తెలుగు సగం కన్నడం. మగ్గం మీద సగం నేసిన చీర. కుడి అంచులో డిజైను ఒకచోట చెదిరి ఉంది.

"కావాలనే తప్పు పెట్టినాం. అది ఎట్ల కనుక్కోవాలో వీళ్లకు చెప్పాల" అన్నాడు గంగాధర.

వెంకటరాముడు ఒక్క చూపు చూశాడు. ఆయన పెదాలు మెదిలాయో లేదో వెంకటలక్ష్మమ్మ అందుకుంది. "ఒక పోగు తను దూరాల్సిన కన్ను తప్పి పక్క కన్నులోకి పోయింది అంటాండాడు. మా ఆయన కండ్లకు ఇది ఒగ లెక్క కాదు, నిద్రలో లేపి అడిగినా..."

"అమ్మా" అన్నాడు గంగాధర మెల్లగా. "నువ్వు రోజూ ధర్మవరం నుంచి వచ్చి చెప్తావా? ఆయప్పే చెప్పాల."

"కాగితం మీద రాస్తారు సార్" అంది ప్రమోద.

"కాగితం ఒకరికి కనపడతాది. వీళ్లు చూడాల్సింది పోగుల్ని. చెవులతో వినాల, కండ్లతో పోగు చూడాల."

తప్పుగా అనలేదు గంగాధర. అదే ఇంకా బాధ. శోభారాణి, "పోనీ, కీబోర్డు బాగుచేయించుకుని ఇంకో వారం రండి" అంది. కానీ ఆ వారంలోపు ఇంకెవరో వస్తారని ఆమె మొహంలోనే తెలుస్తోంది. వెంకటరాముడు చేతులు జోడించాడు, వెళ్లొస్తామన్నట్టు. చూపించడానికి తెచ్చిన జరీ కండెను తిరిగి సంచిలో పెట్టమని వెంకటలక్ష్మమ్మ చేతికిచ్చాడు.

జరీ వేళ్లకు తగలగానే ఆమె చేయి తనంతట తానే పోగును చూపుడువేలికి చుట్టుకోబోయింది. అలవాటు కదా. ఒక్క చుట్టు పడ్డాక ఆగింది. ఆనాటి ప్రకటన పాట గుర్తొచ్చింది. ఎడమ వేలికి ఆగనిది, ఈ వేలికి ఆగింది.

"ఉండప్పా" అంది గంగాధరతో. మొగుడి కుడిచేతిని లాక్కుంది. చూపుడువేలి కొస నుంచి కణుపు దాకా జరీని బిర్రుగా, వరసగా, ఒక్క సందు లేకుండా చుట్టింది. ముప్పై ఆరేళ్లు కండెలు చుట్టిన చేయి అది, పది లెక్కపెట్టేలోపు అయిపోయింది. పోగు పళ్లతో కొరికి తెంపింది.

"ఇప్పుడు తాకు."

ఆయన తాకాడు. అక్షరం పడింది. ఇంకోటి తాకాడు. అదీ పడింది. ప్రమోద వంగి చూసి, "వెండి తీగ కదా! తోలు గట్టిదైనా అది తెరకు తెలుస్తాది" అంది. ఒక్క ట్యాబే కాబట్టి ఎడమచేతిలో పలకలా తేలిగ్గా నిలిచింది. స్టూలు లేదు, బల్ల లేదు. మగ్గం పక్కన నిలబడి, అంచు మీదికి వంగి, బంగారు వేలితో రాసి, నోరు తెరిచిన బొమ్మను తాకాడు.

"పిల్లోళ్లా, కంటితో ఎతకొద్దండి. కన్ను మోసపోతాది. పోగుల మీద అరచెయ్యి పెట్టి మెల్లగా జరపండి. దారి తప్పిన పోగు బిర్రుగా ఉంటాది. చేతికి తగుల్తాది."

ముందు నిలబడిన పిల్ల చేయి పెట్టింది. జరిపింది. ఆగింది. "సిక్తు సార్" అంది కన్నడంలో, దొరికిందని. తర్వాత ఇంకో పిల్ల, ఇంకో పిల్ల. పదిహేనుమందీ ఒకరి తర్వాత ఒకరు ఆ ఒక్క పోగును వెతికి పట్టుకున్నారు. గంగాధర కూడా వరసలో నిలబడి ఒకసారి చేయి పెట్టి చూసుకున్నాడు.

కీబోర్డు బాగుండి ఉంటే ఏమయ్యేది? ఆయన దూరంగా బల్ల దగ్గర కూర్చుని కొట్టుకుంటూ ఉండేవాడు, మగ్గం ఇక్కడ ఉండేది. ఆ సంగతి తట్టినప్పుడు వెంకటలక్ష్మమ్మ ఆ నూనెచుక్కకు కూడా మనసులో దండం పెట్టింది. ఆ రోజు ఆమె దేనికి దండం పెట్టలేదు గనుక.

శోభారాణి నవ్వుతూ దగ్గరికొచ్చింది. "ఒకటో తారీఖు నుంచి రండి. పాఠాలు రాసుకోడానికి ఆ కీబోర్డు మేం బాగుచేయిస్తాం. సరే గానీ, ఈ జరీ ఉపాయం ఎవరు నేర్పినారు మీకు?"

ఆయన మళ్లీ జరీ వేలు తెర మీద పెట్టాడు. చాలాసేపు రాశాడు. తుడిచాడు, మళ్లీ రాశాడు. తర్వాత బొమ్మను తాకాడు. పడుచుపిల్ల గొంతు, వార్తలు చదివినట్టే, తొణక్కుండా చదివింది.

"మా ఇంటామె. ముప్పై ఆరేండ్లు ఆమె చుట్టిన కండెలతోనే నేను నేసినాను. చీర చూసి అందురూ నన్నే మెచ్చుకున్నారు. నేను గూడ నాదే అనుకున్నాను. ఈ సమచ్చరం నా మాట గూడ ఆమే మోసింది. గొంతు ఉన్నన్నాళ్లు ఆమెకు ఒగ మంచి మాట చెప్పలేదు. ఇప్పుడు చెప్తాండా. నువ్వు లేకుంటే నేను లేను మేయ్."

పిల్లలందరూ వెంకటలక్ష్మమ్మ వైపు తిరిగారు. ఒక్క "వద్దు"ను నాలుగు వాక్యాలు చేసే మనిషి, ఒక్క ముక్క దొరక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏమంటావమ్మా అని శోభారాణి అడిగితే తల మాత్రం ఊపింది. ఆ ఊపు ఔనో కాదో ఎవరికీ తెలియలేదు, వెంకటరాముడికి తప్ప.

తిరుగు బండిలో పెనుకొండలో ప్రమోద దిగిపోయింది. ఆయన కిటికీకి తల ఆనించి కళ్లు మూసుకున్నాడు. వేలికి జరీ అలాగే ఉంది. ట్యాబు ఇద్దరి మధ్య సీటు మీద ఉంది, కేంద్రంలో ఆయన చివర రాసిన మాటలు తెర మీద ఇంకా చెరగలేదు. వెంకటలక్ష్మమ్మ కాసేపు అటూ ఇటూ చూసింది. సంచిలోంచి కండె తీసి, తన వేలికి నాలుగు చుట్లు చుట్టుకుంది. ఆమెకు చదువు పెద్దగా రాదు గానీ, నోరు తెరిచిన బొమ్మ ఏదో తెలుసు. సౌండు తగ్గించడం తెలియదు కాబట్టి ట్యాబును కొంగు కింద పెట్టి, చెవి దగ్గరికి తెచ్చుకుని, ఆ బొమ్మను నొక్కింది.

ఆయన కళ్లు తెరవలేదు. పెదాల చివర మాత్రం కొంచెం కదిలింది. ధర్మవరం వచ్చేలోపు ఆమె ఇంకా మూడుసార్లు నొక్కింది.